తీగ అడుగుతోంది

గంట ఇంకా వినబడలేదు. సరస్సు మాత్రం గోడకి కొట్టుకుంటోంది. రాత్రి వీచిన గాలి పోయినా నీళ్ళకి కోపం పోలేదు. కింద బండల్ని చెంపల మీద కొట్టినట్టు కొట్టి, కాస్త ఆగి, మళ్ళీ కొడుతున్నాయి. కొట్టనీ. నేను ఇనప స్తంభం పక్కన రాతిగోడ చాటున నిలబడి ఉన్నాను. చేతిలో కర్ర ఉంది, తల పైన తీగ ఉంది. చిటికెనవేలంత లావు ఉక్కు తీగ. కొండ మీద మా అడివిలో చెస్ట్‌నట్ చెట్లు కొట్టేచోట ఒక బండకి కట్టిన తీగ అది. చెట్ల నెత్తిన దిగి, ఈ పాత రోడ్డు దాటి, ట్రాక్టరు టైర్ల గుట్ట వెనక ఈ స్తంభం దగ్గర ఆగుతుంది. కట్టెల మోపుని కొక్కేనికి తగిలించి పైన వదిలితే చాలు, దాని బరువుకి అదే వస్తుంది. ముందు తీగ సన్నగా మూలుగుతుంది, తర్వాత అరుస్తుంది, తర్వాత మోపు వచ్చి టైర్లని గుద్దుతుంది. రోడ్డు దాటేటప్పుడు ఆ మోపు సరిగ్గా మనిషి ఛాతీ ఎత్తులో ఉంటుంది. ఆ ఎత్తు మా ఇంట్లో అందరికీ తెలుసు.

పైన నాన్న ఉన్నాడు. నాకు ఆయన కనబడడు, ఆయనకి నేను కనబడను, మధ్యలో కొండ పొట్ట అడ్డం. అందుకే తీగ మీద కర్రతో దెబ్బలు. పైనుంచి రెండు దెబ్బలు కొడితే, పంపనా అని. కిందనుంచి రెండు కొడితే, రోడ్డు ఖాళీగా ఉంది పంపు అని. మోపు దిగాక పైనుంచి ఒకటి, చేరిందా. కిందనుంచి ఒకటి, చేరింది. వద్దు, ఆపు అని చెప్పాలంటే కర్రతో తీగని ఆగకుండా బాదుతూనే ఉండాలి. చెవి ఆనించి వింటే ఉక్కులో అంతా వినబడుతుంది. అవతలి మనిషి ఏ చేత్తో కొట్టాడో కూడా తెలుస్తుంది. నాన్న ఈ ఏడాది ఎడమ చేత్తో కొడుతున్నాడు. కుడిచెయ్యి పోయినేడు శ్మశానంలో ఫీర్మో దవడ మీద విరిగింది, సరిగ్గా అతుక్కోలేదు. మా ఇంట్లో మాటలు పోయాక ఈ దెబ్బలే మిగిలాయి. అమ్మ గిన్నె పెడుతుంది, నాన్న తింటాడు, నేను కడుగుతాను. తెల్లారగానే నాన్న కొండెక్కుతాడు, నేను ఇక్కడికొచ్చి తల ఎత్తి తీగతో మాట్లాడతాను. పంపనా. పంపు. చేరిందా. చేరింది.

ఇందాక ఒకసారి అడిగాడు. జవాబివ్వలేదు. గంట వినబడాలి కదా.

ఈరోజే ఆఖరి మోపులు. కొట్టాల్సిన చెట్లు అయిపోయాయి, రేపు నాన్న తీగ విప్పేస్తాడు. పాత తీగని పోలీసులు కోసి పట్టుకుపోయారు. కేసు కోర్టులో ఏళ్ళ తరబడి నడుస్తుందట. నాన్న ఈ శరదృతువులో ఎవరినీ అడక్కుండా కొత్త తీగ కట్టాడు, ఊళ్ళో ఎవరూ నోరు విప్పలేదు. పైన కొట్టిన చెట్లని కుళ్ళబెట్టుకుంటామా, దారి లేదు, కారు ఎక్కదు, గాడిదలు లేవు. కట్టె అమ్మకపోతే శీతాకాలం గడవదు. కింద ఎవరు నిలబడాలన్నది కూడా ఎవరూ అడగలేదు. నాన్న కర్ర తెచ్చి నా చేతిలో పెట్టాడు, అంతే. ప్రతి మోపుకీ ముందు నేను మలుపు దాకా నడిచి, అవతల రోడ్డంతా కళ్ళతో చూసి, వెనక్కి వచ్చి కొడతాను. ప్రతి మోపుకీ. ఫీర్మో చెయ్యని పని అది. ఆ పని చేసిన ప్రతిసారీ నాలో ఏదో పళ్ళు నూరుకుంటుంది, చూశావా ముసలాడా, ఇంతే, ఈ కాస్త నడకే.

ఫీర్మో వస్తాడు. చర్చిలో పొద్దుటి గంటలు ఆగాక రోజూ వస్తాడు, చచ్చిపోయిన భార్య సైకిల్ మీద, హ్యాండిల్‌కి మేక గంట కట్టుకుని. మలుపు అవతలినుంచే వినబడుతుంది, టంగు టంగుమని, అడివిలో దారి తప్పిన మేకలా. తీగ కిందికి రాగానే దిగుతాడు, టోపీ తీస్తాడు, ఆ చోట తల వంచుకుని నిలబడతాడు. రోడ్డు మీద అక్కడ ఇప్పుడేం లేదు. వానలు కడిగేశాయి. అయినా సరిగ్గా ఆ చోటే వాడికి తెలుసు, నాకూ తెలుసు. గోడ చాటున నేనున్నానని కూడా తెలుసు, కాని ఇటు చూడడు. వాడి గంట వినగానే నేను ఇన్నాళ్ళూ కర్ర కిందపెట్టి, నాన్న అడిగినా పలక్కుండా, వాడు పోయేదాకా ఊపిరి బిగబట్టి ఉన్నాను. ఈరోజు కింద పెట్టను. గంట వస్తుంది, ఆగుతుంది, టోపీ తీస్తాడు, నాన్న అడుగుతాడు, నేను రెండు దెబ్బలు కొడతాను. అంతే కదా. వాడు చేసింది కూడా అంతే కదా. రెండు దెబ్బలు. నాకు ఎన్నాళ్ళుగానో నిద్రలో చెయ్యి కదులుతోంది, మంచం కోడు మీద, టక్ టక్, అమ్మ వచ్చి నా మణికట్టు పట్టుకుని ఊరుకోబెట్టింది.

నాన్న చేతుల సంగతి నేను అనుకోవటం లేదు. కొక్కెం వదిలేవి నాన్న చేతులే. అది అనుకోవటం లేదు.

ఫీర్మో బాబాయి. అలా పిలిచేదాన్ని, పదేళ్ళ కిందటిదాకా కాదు, పోయిన ఏడాదిదాకా. ఒడ్డున ఆఖరి ఇల్లు, ఇంటి ముందు వంచిన పచ్చికర్రల చట్రాలు, వాటి మీద దారాలకి గుచ్చిన చేపలు ఎండుతూ ఉంటాయి, వెండి ఆకుల్లా. వాడి చేతులెప్పుడూ ఎండుచేపల వాసన. చేప గొంతులో బొటనవేలు దూర్చి ఒక్క లాగుతో పేగులు తియ్యడం నాకు నేర్పింది వాడే. నేను భయపడితే నవ్వేవాడు. అది ఇంకా కొట్టుకుంటోంది బాబాయ్ అంటే, గుండె కొంచెం ఆలస్యంగా తెలుసుకుంటుందిలే అనేవాడు. నేను మాట్లాడను కాబట్టి నన్ను మూగచేప అనేవాడు. మూగచేపా, మీ అన్న ఎక్కడే, మళ్ళీ చక్రాల మీదేనా? మా అన్న లోరిస్ చక్రాల మీదే. ఎప్పుడూ చక్రాల మీదే. సాయంత్రం రబ్బరు ఫ్యాక్టరీలో షిఫ్టు, పొద్దున్న సైకిల్.

ఈ రోడ్డు ఇలా ఉండేది కాదు. సొరంగం తవ్వకముందు సిమెంటు లారీలన్నీ దీనిమీదే పోయేవి, మా అలమరలో గాజుగ్లాసులు రోజంతా ఒకదాన్నొకటి కొట్టుకునేవి. మా కుక్కని నా కళ్ళముందే ఒక లారీ రోడ్డుకి అంటించేసి పోయింది, డ్రైవరు ఆగలేదు, నాన్న గడ్డపారతో గీకి తీశాడు. మలుపు దగ్గర బండ అడ్డం కాబట్టి ప్రతి బండీ హారన్ కొట్టి తీరాలి. అందుకే తీగ దగ్గర నిలబడేవాళ్ళు కళ్ళతో చూసేవాళ్ళు కాదు, చెవులతో చూసేవాళ్ళు. కళ్ళు మలుపు దాకానే పోతాయి, చెవులు మలుపు దాటి పోతాయి. చెవులు ఉన్నవాడే మంచి మోపుగాడు. ఫీర్మో అందరిలోకీ మేటి, కళ్ళు మూసుకుని చెప్పేవాడు, ఇది ఫాదరీగారి కారు, ఇది పాలబండి, దీనికి వెనక చక్రం వదులైంది. తర్వాత కొండ కడుపులోంచి సొరంగం వచ్చింది, లారీలు అందులోకి పోయాయి, బళ్ళు రాకుండా రోడ్డు రెండు కొసలా బండలు అడ్డం పెట్టారు. మొదటిరోజు ఆ నిశ్శబ్దానికి అమ్మకి తల తిరిగింది. గ్లాసులు కొట్టుకోకపోతే ఇల్లు చచ్చిపోయినట్టుందంది.

ఆ నిశ్శబ్దం కోసమే సైకిళ్ళవాళ్ళు వచ్చారు. మిలాను నుంచి, జర్మనీ నుంచి, బిగుతు బట్టలు వేసుకుని. సైకిల్ని కారు నెత్తినెక్కించి ఇంత దూరం ఊరేగించుకొచ్చి, ఇక్కడ దింపి, ఆహా కార్లు లేవు అంటారేంట్రా వీళ్ళు అని నాన్న నవ్వేవాడు. నాన్న నవ్వేవాడు. ఆ ముక్క అనుకుంటే నాకే కొత్తగా ఉంది. లోరిస్‌కి మాత్రం వాళ్ళ మాట అర్థమయ్యేది. ఒకసారి నన్ను వెనక కూర్చోబెట్టుకుని ఉత్తరపు సొరంగాల దాకా తీసుకెళ్ళాడు, ఒక చోట తొక్కడం ఆపి, విను అన్నాడు. ఏముంది అన్నాను. ఏం లేదు, అదే విను. నీళ్ళు, మా ఇద్దరి ఊపిరి, అంతే. వాడికి చప్పుడంటే పడదు. ఫ్యాక్టరీలో ప్రెస్సుల మోత షిఫ్టంతా నెత్తిన సుత్తిలా పడుతుంది, పొద్దున్న ఈ గంటసేపే నా చెవులు నావి అనేవాడు. వెనక చక్రం టిక్కుటిక్కుమంటుందని దాన్ని విప్పి, లోపల చిక్కటి గ్రీజు పూసి, మళ్ళీ బిగించి, వంటింట్లో తలకిందులుగా పెట్టి తిప్పి చూపించాడు. చక్రం తిరుగుతోంది, చప్పుడు లేదు. దెయ్యంలా తిరుగుతోంది. ఫీర్మో కూడా ఉన్నాడు అప్పుడు, మా బల్ల దగ్గరే, మొక్కజొన్న సంకటి మీద ఎండుచేప చిదుపుకుని తింటూ. నాన్న లేచి గోడకున్న మేక గంట తెచ్చి సైకిల్‌కి కట్టబోయాడు.

"ఒరేయ్, మేకలకి కూడా గంట కడతాం. నువ్వు మేకకంటే ఎక్కువేం కాదు, కట్టుకో," అన్నాడు.

"మేకలు తొందరగా పోవు నాన్నా," అన్నాడు లోరిస్, గంట విప్పి సొరుగులో పడేస్తూ. "నేను పోతాను."

అందరం నవ్వాం. ఫీర్మో అందరికంటే ఎక్కువ నవ్వాడు, చేప ముల్లు గొంతులో గుచ్చుకుని దగ్గాడు కూడా. ఆ ముల్లు అక్కడే ఉండిపోవాల్సింది. గొంతులోంచి దిగి, పేగుల్ని కోసుకుంటూ, మెల్లగా. ఆ సాయంత్రమే చచ్చి ఉంటే వాడి శవాన్ని లోరిస్ మోసేవాడు, నేను ఏడ్చేదాన్ని.

తీగ మోగింది. టక్ టక్. ఎడమచెయ్యి. పంపనా? గోడ మీద రాళ్ళ సందులో బల్లి తల ఎత్తి మళ్ళీ లోపలికి పోయింది. గంట లేదు. ఆగు నాన్నా. ఇంకొంచెం. ఈరోజు ఎందుకు ఆలస్యం చేస్తున్నాడు, ఒంట్లో బాలేదా, చచ్చాడా, నా చేతుల్లో కాకుండా మంచం మీద హాయిగా చచ్చాడా. అది నాకు వద్దు. చర్చి గంటలు ఎప్పుడో ఆగిపోయాయి. కర్ర పట్టుకున్న వేళ్ళు తెల్లగా అయిపోయాయి, మార్చి పట్టుకున్నాను. ఈ కర్ర వాడిదే, ఆ రోజు వాడి చేతిలో ఉన్నదే. నాన్న దాన్ని పొయ్యిలో పెట్టకుండా ఎందుకు ఉంచాడో నాకు తెలియదు. పట్టుకునేచోట వాడి చెయ్యి అరగదీసిన గుంట ఉంది, నా చెయ్యి అందులోకి పోతుంది.

ఆ రోజు నేను రేవులో దుప్పట్లు జాడిస్తున్నాను. తీగ అరుపు విన్నాను, రోజూ వినేదే. తర్వాత టైర్ల గుద్దు వినబడలేదు. వేరే ఏదో వినబడింది. తడి దుప్పటిని బండకేసి కొట్టినట్టు. నేను నా చేతిలో దుప్పటి వైపు చూసుకున్నాను, నేనే కొట్టానేమోనని. తర్వాత తీగ మోగింది, ఒక్క దెబ్బ. చేరిందా? జవాబు లేదు. మళ్ళీ ఒకటి. చేరిందా? నేను పరిగెత్తాను. తడిచేతులతో, ఒక చెప్పు రేవులోనే వదిలేసి. ఫీర్మో రోడ్డు మీద కూర్చుని ఉన్నాడు, వాడి ఒళ్ళో లోరిస్ తల. హెల్మెట్‌కి ఒక గీత కూడా పడలేదు. ముఖానికి కూడా. ఛాతీ లేదు. ఛాతీ ఉండాల్సిన చోట ఎర్రచొక్కా లోపలికి పోయి ఉంది, పిడికిలితో గుద్దిన పిండిముద్దలా. సైకిల్ గోడకి ఆని పడి ఉంది, వెనక చక్రం తిరుగుతోంది, చప్పుడు లేకుండా, ఎంతసేపటికీ ఆగకుండా తిరుగుతోంది. నేను వెళ్ళి దాన్ని కాలితో తన్ని ఆపాను. మొదట చేసిన పని అదే. అన్న దగ్గరికి కాదు, చక్రం దగ్గరికి. పైనుంచి తీగ అడుగుతోంది. చేరిందా? చేరిందా? ఒక జర్మను ఆవిడ సైకిల్ దిగి తన కోటు తీసి కప్పింది. చేరిందా? అమ్మ వచ్చింది. తీగ అడుగుతూనే ఉంది, చివరికి దెబ్బలు దగ్గర దగ్గరగా, పిచ్చివాడు తలుపు కొట్టినట్టు. మేం ఎవరం జవాబు చెప్పలేదు. ఏమని కొడతాం? దానికి దెబ్బలు లేవు. తాతలు ఎవరూ దానికి దెబ్బలు పెట్టలేదు. నాన్న కొండ దిగి వచ్చేదాకా ఆయనకి తెలియదు. తన చేతుల్లోంచి వెళ్ళిన మోపు ఎక్కడికి చేరిందో, దిగి వచ్చి, కళ్ళతో చూశాడు.

ఫీర్మో ఒక్క మాటే అన్నాడు. నాకేం వినబళ్ళేదు. నాన్నతో అన్నాడు, పోలీసులతో అన్నాడు, ఫాదరీతో అన్నాడు, శ్మశానంలో పెట్టె దించుతుంటే వచ్చి ఎవరూ అడక్కుండానే నాన్నని పేరు పెట్టి అన్నాడు, బత్తిస్తా, నాకేం వినబళ్ళేదురా. అప్పుడే నాన్న కొట్టాడు. ఒక్కటే గుద్దు, ఎముక విరిగిన చప్పుడు మా అందరికీ వినబడింది. దవడ అనుకున్నాం, నాన్న చెయ్యి కూడా విరిగింది. ఫీర్మో గోతి అంచున పడి, మట్టి నోట్లో పోయి, ఆ మట్టితోనే మళ్ళీ అన్నాడు, వినబళ్ళేదు. ఆ మాటని వాడి గొంతులోకి తిరిగి కుక్కాలనిపించింది నాకు, బొటనవేలితో, చేప గొంతులోకి దూర్చినట్టు. ఏం వినబడుతుందిరా, సైకిల్ వినబడుతుందా? ఆ బండ దగ్గరికి నాలుగడుగులు వేసి చూడలేకపోయావా? ఆ మర్నాడు నేను కొడవలి తీసుకుని వాడింటికి వెళ్ళాను. చట్రాలన్నీ నరికేశాను. చేపలు నేలమీద పడితే తొక్కాను. ఎండిన చేప కాలి కింద చిన్న పుల్లలా విరుగుతుంది, ఒక్కొక్కటీ విరిచాను. వాడు వాకిట్లో నిలబడి చూశాడు, దవడకి కట్టుతో. చెయ్యి నొప్పెట్టి నేను ఆగితే, కట్టు సందులోంచి మెల్లగా అన్నాడు, ఇంటి వెనక ఇంకో రెండున్నాయమ్మాయ్. నేను వెళ్ళి వాటినీ నరికాను. వాడు మళ్ళీ చట్రాలు కట్టలేదు. సైకిల్‌కి గంట కట్టుకున్నాడు.

ఇప్పుడు గంటా? ఇప్పుడా నీకు గంట? అమ్మ కిటికీ రోడ్డు మీదికే ఉంటుంది. ఆ గంట పోతున్నంతసేపూ అమ్మ చేతిలో ఏది ఉంటే అది పట్టుకుని నిలబడిపోతుంది. గరిటె అయితే గరిటె, కత్తి అయితే కత్తి. మొన్న కత్తి. అరచెయ్యి కోసుకుంది, చూసుకోలేదు, ఉల్లిపాయల మీద రక్తం కారుతుంటే నేనే చూసి లాక్కున్నాను. అమ్మ నా వైపు చూసి, ఆ గంట ఆగదా, అంది. ఏడాదిలో అమ్మ నాతో అన్న పెద్దమాట అదే. ఆపుతాను అమ్మా. ఈరోజు ఆపుతాను.

టక్ టక్. నాన్న. మూడోసారి. ఈసారి దెబ్బల మధ్య కొంచెం ఎడం ఎక్కువ ఉంది, ఆయన అలిసిపోయాడు, లేకపోతే అనుమానపడుతున్నాడు. మోపు కొక్కేనికి వేలాడదీసి, ఒక్క చేత్తో పట్టుకుని నిలబడి ఉంటాడు, బాగున్న చెయ్యి తీగ కొట్టడానికి, బాగవ్వని చెయ్యి మోపు ఆపడానికి. ఎంతసేపు ఆపగలడు. విన్నాను. కళ్ళు మూసుకుని, ఒళ్ళంతా చెవి చేసుకుని విన్నాను. నీళ్ళు. ఎక్కడో పైన కాకులు. సొరంగంలో లారీల గుడగుడ, కొండ కడుపులో, చాలా లోతుగా. మేక గంట లేదు. రాడు. వాడు ఈరోజు రాడు. అది తెలియగానే నా భుజాల్లోంచి ఏదో జారిపోయింది, బరువు దించినట్టు కూడా ఉంది, ఎవరో మోసం చేసినట్టు కూడా ఉంది. కళ్ళలో నీళ్ళు ఎందుకు వచ్చాయో. సరే నాన్నా. పంపు. కర్ర ఎత్తి రెండు దెబ్బలు కొట్టాను. ఉక్కు నా మోచేతి దాకా ఝుమ్మంది. పైన కొక్కెం వదిలిన చప్పుడు తీగలోంచి వచ్చింది, తీగ సన్నగా మూలగడం మొదలుపెట్టింది.

కళ్ళు తెరిస్తే రోడ్డు మీద టోపీ. ముందు టోపీయే కనబడింది, ఛాతీకి ఆనించి పట్టుకున్న టోపీ. తర్వాత ముసలి తల, పల్చటి తెల్లజుట్టు గాలికి లేస్తూ. సైకిల్ గోడకి ఆనించి ఉంది. ఎప్పుడు వచ్చాడు? మలుపు ఎప్పుడు తిరిగాడు? నేను మలుపు దాకా వెళ్ళలేదు. ఈసారి వెళ్ళలేదు. వాడు ఆ చోటే నిలబడి ఉన్నాడు, తల వంచుకుని, తీగ కింద. ఎడమచెవి నావైపు. ఆ చెవికి తీగ మూలుగు వినబడే ఉండాలి, ప్రపంచంలో ఎవరికంటే ముందు వాడికే వినబడాలి, అయినా కదల్లేదు. తీగ అరుపందుకుంది. నేను అడిగింది ఇదే. సరిగ్గా ఇదే, ఈ చోటే, ఈ ఎత్తులోనే, నేను ఇక్కడ నిలబడి చూడాలి, ఎర్రచొక్కా లోపలికి పోవడం, ఒక్క దెబ్బ, చేరిందా, నాన్న, నాన్న మళ్ళీ కొండ దిగి వస్తాడు, మళ్ళీ తన చేతులు చూసుకుంటాడు...

"బాబాయ్!"

అరిచింది నేనే. గోడ ఎప్పుడు దూకానో తెలియదు, మోకాలు చిట్లింది. తల వాడి పొట్టలో పెట్టి గుద్దాను, పొట్టేలు గుద్దినట్టు. ఎండుచేపల వాసన. ఇద్దరం రోడ్డు మీద పడ్డాం, వాడి తల నేలకి తగిలింది, నా వీపు మీదుగా మోపు పోయింది. దాని గాలి నా జుట్టుని లాగింది, ఒక పుల్ల మెడ మీద గీసుకుపోయింది. తర్వాత టైర్ల గుద్దు. మంచి గుద్దు, నిండుగా, పోయినేడు వినబడని గుద్దు. అది వినగానే నేను వాణ్ణి కొట్టడం మొదలుపెట్టాను. కర్ర ఇంకా నా చేతిలోనే ఉంది. భుజం మీద, చేతుల మీద, మళ్ళీ భుజం మీద. ఎందుకు కొట్టలేదురా గంట, ఎందుకు కొట్టలేదు. వాడు ముఖానికి చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. కనుబొమ్మ చిట్లి రక్తం కంట్లోకి పోతుంటే ఆ కన్ను మూసుకుని, రెండో కంటితో నన్ను చూస్తున్నాడు. కర్ర విరిగింది. సగం ముక్కతో ఇంకోటి కొట్టాను. అది నేలకి తగిలింది.

"మీ అమ్మ చెప్పి పంపిందమ్మాయ్," అన్నాడు, ఊపిరి అందక. "రొట్టెలమ్మే ఆవిడతో. ఆ గంట వినలేకపోతున్నానందట. అందుకని గుడ్డ కుక్కాను."

సైకిల్ వైపు చూశాను. హ్యాండిల్‌కి మేక గంట వేలాడుతోంది, దాని నోట్లోంచి నీలం చేతిగుడ్డ కొస బయటికి వచ్చి ఉంది, నాలుకలా.

"తీగ కొట్టావా?" అన్నాడు.

"కొట్టాను."

"మలుపు చూళ్ళేదా?"

నా నోరు తెరుచుకుంది. ఏం వస్తుందో నాకు ముందే తెలిసింది, ఆపడానికి పళ్ళు బిగించాను, అయినా వచ్చింది.

"నాకేం వినబళ్ళేదు."

ఫీర్మో ఏదైనా అని ఉంటే మిగిలిన సగం కర్రతో నిజంగానే చంపి ఉండేదాన్ని. లేచి కూర్చుని, నోట్లో ఊడిన పన్ను ఉమ్మి, దాన్ని ఏం చెయ్యాలో తెలియనట్టు అరచేతిలో పట్టుకున్నాడు. నీళ్ళు గోడని కొడుతూనే ఉన్నాయి. అప్పుడు తీగ మోగింది. ఒక్క దెబ్బ. మేం ఇద్దరం ఒకేసారి తలెత్తాం. చేరిందా? ఎడమచెయ్యి, మెల్లగా. రోడ్డు మీద మేం ఇద్దరం, తల పైన తీగ. పోయినేడు వాడు ఇక్కడే కూర్చున్నాడు, నేను ఇక్కడే నిలబడ్డాను. మళ్ళీ మోగింది. చేరిందా? ఈసారి కొంచెం గట్టిగా. మూడోదానికి ఆ చెయ్యి భయపడుతుంది, నాకు తెలుసు, నాలుగోదానికి కొండ దిగడం మొదలుపెడుతుంది.

"చెప్పవే," అన్నాడు ఫీర్మో. "వాడికి జవాబు చెప్పు. నిలబెట్టకు."

లేచాను. చిట్లిన మోకాలితో గోడ పట్టుకుని స్తంభం దాకా వెళ్ళాను. విరిగిన కర్రతో తీగని ఒక్కసారి కొట్టాను. చేరింది. చెవి ఆనించాను. తర్వాత ఉక్కులోంచి వచ్చింది, దెబ్బ కాదు, ఏదో సన్నగా తీగకి ఆనుకున్నట్టు, నుదురో, చెయ్యో. అది కాసేపు అలాగే ఉంది. తర్వాత పోయింది. తర్వాత టక్ టక్. ఇంకో మోపు ఉంది. పంపనా?

ఫీర్మో సైకిల్ పట్టుకుని నిలబడ్డాడు, వెళ్ళిపోవాలో ఉండాలో తెలియక. చొక్కా మీద రక్తం, టోపీ ఎక్కడో పడిపోయింది. వాడి ముఖం చూస్తే నాకు ఇంకా కొట్టాలనే ఉంది. అది పోలేదు. పోతుందని కూడా నాకు నమ్మకం లేదు.

"ఆ గుడ్డ తీసెయ్," అన్నాను. "మలుపు దగ్గరికి పోయి అటు తిరిగి నిలబడు. ఎవరైనా కనబడితే గంట కొట్టు. నీ ముఖం నాకు కనబడకూడదు."

"మీ అమ్మకి..."

"అమ్మకి నేను చెబుతాను. చెవులతో కాదు. కళ్ళతో చూడు."

సైకిల్ నడిపించుకుంటూ వెళ్ళాడు, ఒక కాలు ఈడుస్తూ. బండ దగ్గర ఆగి, గంట నోట్లోంచి గుడ్డ లాగి, దాంతోనే కన్ను తుడుచుకుని, రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాడు. పైన నాన్న మళ్ళీ అడిగాడు. నేను కుంటుకుంటూ వెళ్ళి, వాడి పక్కనుంచే, వాడివైపు చూడకుండా, మలుపు దాటి అవతలికి చూశాను. రోడ్డు ఖాళీగా ఉంది, కనుచూపు మేర, ఎండ పడి తెల్లగా. వెనక్కి వచ్చి కర్ర ఎత్తాను.